ఏడున్నర వేల గేరు సైకిలు: పెట్టె విప్పిన దగ్గర్నుంచి ఏడాది దాకా

సైకిలు: 26 అంగుళాల చక్రాలు, ముందు షాకర్లు, ముందు డిస్కు బ్రేకు, వెనక వీ-బ్రేకు (రిమ్ముని రెండు పక్కలా రబ్బర్లతో పట్టేది), 21 గేర్లు, ఇనుప ఫ్రేము. ఆన్‌లైన్‌ పండగ సేల్లో 7,500 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకే తీరు, స్టిక్కరు మారుతుందంతే.

తొక్కే మనిషి: పాతికేళ్ళ కుర్రాడు, 80 కిలోలకి దగ్గర. కాకినాడ జగన్నాథపురంలో ఇల్లు, వాకలపూడి వైపు ఒక గోడౌన్లో పని. రానూ పోనూ రోజుకి ఇరవై కిలోమీటర్ల దాకా. వీపున బ్యాగు, అందులో టిఫిను క్యారేజీ, నీళ్ళ సీసా.

సైకిలు రిపేరు కొట్టు నడిపే నాలాంటివాళ్ళకి ఈ మధ్య ఇలాంటి బేరాలే ఎక్కువ. పెట్టెలో వచ్చిన కొత్త సైకిలు, రెండు వారాలు తొక్కారు, ఏదో చప్పుడు. చవక సైకిలు కొనొచ్చా అని అడిగేవాళ్ళకి కొట్టు ముందు నిలబడి చెప్పే జవాబు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. అందుకని ఈ ఒక్క సైకిలు సంగతి పూర్తిగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఏడు వేలకి మంచి సైకిలు వస్తుంది. ఏడు వేలకి మంచి గేర్లూ, మంచి డిస్కూ, మంచి షాకర్లూ రావు. ఆ మూడూ కలిపి అదే డబ్బుకి ఇస్తున్నారంటే ఎక్కడో కోత పడింది. ఎక్కడ పడిందో సైకిలు విప్పితే కనిపిస్తుంది.

కొట్టుకి వచ్చిన రోజు

ఇలాంటి సైకిళ్ళ పెట్టె మీద 85 శాతం ఫిట్టింగు అయిపోయినట్టు రాసి ఉంటుంది. మిగిలిన 15 శాతంలో ఏమున్నాయో చూడండి: హేండిలు, ముందు చక్రం, సీటు, పెడళ్ళు, బ్రేకుల సెట్టింగు, గేర్ల సెట్టింగు. మనిషి పడిపోవడానికి కారణమయ్యేవన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని బిగించుకోమని ఒక అలెన్ కీ, ఒక రేకు పానా పెట్టెలో పడేస్తారు. మన కుర్రాడు వీడియో చూసి బిగించుకున్నాడు.

"బాబాయ్, కొత్తదే. ఎడం పెడలు దగ్గర టక్కు టక్కుమంటోంది. కాస్త టైటు చేసి ఇచ్చెయ్, డ్యూటీకి టైమైపోతోంది."

"ఇంకేం ఇబ్బంది లేదా?"

"మలుపు తిప్పితే బూటు ముందు టైరుకి తగుల్తోంది. హేండిలు కూడా బరువు. షాకర్ల సైకిలు కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నా."

అలా ఉండదు. ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది. పెట్టెలో చోటు కలిసిరావడానికి ఫోర్కుని వెనక్కి తిప్పి సర్దుతారు. ముందుకి తిప్పుకుని హేండిలు బిగించాలి. నల్ల సైకిలుకైతే (గేర్లు లేని పాతకాలపు బరువు సైకిలు) ఫోర్కు కొసలు ముందుకి వంగి ఉంటాయి, పిల్లాడికైనా తేడా తెలుస్తుంది. షాకరు ఫోర్కు కాళ్ళు నిటారుగా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్ళకి పోల్చుకోవడం కష్టం. యాక్సిలు (చక్రం ఇరుసు) కూర్చునే గంటు కాలికంటే కాస్త ముందుకి ఉందా వెనక్కి ఉందా అన్నదే గుర్తు. ఇక్కడ వెనక్కి ఉంది. ఎడం కాలికి వెనక పక్క ఉండాల్సిన డిస్కు క్యాలిపరు (డిస్కుని నొక్కి పట్టే ముక్క) కుడి కాలికి ముందుకి వచ్చింది. డిస్కు అందులో దూరాలి కాబట్టి కుర్రాడు చక్రాన్ని కూడా తిప్పేసి ఎక్కించాడు. టైరు మీద బాణం గుర్తు వెనక్కి చూస్తోంది. అన్నీ ఒకదానికొకటి కలిశాయి, కాబట్టి తప్పు బిగించానన్న అనుమానమే రాలేదు వాడికి. చక్రం వెనక్కి జరిగినందువల్ల బూటుకి తగులుతోంది, హేండిలు బరువెక్కింది. డిస్కు లాగుడు కూడా క్యాలిపరు బ్రాకెట్టు మీద ఉండాల్సిన దిశకి ఎదురుగా పడుతోంది. ఆ బ్రాకెట్టుని అందుకోసం కట్టలేదు.

తిప్పి బిగించడానికి పది నిమిషాలు చాలు. కానీ ఒక్కటి చేసి పంపేసే పరిస్థితి కాదని ఎడం క్రాంకు (పెడలుని మోసే కమ్మీ) పట్టుకోగానే తెలిసింది.

క్రాంకులో చదరపు బెజ్జం ఉంటుంది, అది పెడళ్ళ ఇరుసు చదరపు కొసకి గట్టిగా ఎక్కాలి. ఫ్యాక్టరీలో బోల్టు సరిగ్గా బిగించలేదు. ఆ లూజుతోనే రెండు వారాలు తొక్కేసరికి బెజ్జం మూలలు అరిగి గుండ్రమైపోయింది. అలా అయిన క్రాంకుని ఎంత బిగించినా నాలుగు వీధులు తిరిగేలోపు మళ్ళీ వదులవుతుంది, మార్చడం తప్ప దారి లేదు. ఇది ఆ "85 శాతం" లోది. అంటే కుర్రాడు చెయ్యి పెట్టని భాగం.

చక్రాలు విప్పి యాక్సిలు రెండు చేతుల్తో పట్టుకుని తిప్పితే ఇసుక నలిగినట్టు కరకరమంది. కోన్లు (బాల్సుని ఒత్తి పట్టే నట్లు) అతిగా బిగించేశారు. లోపల గ్రీజు అంటే గ్రీజు మరక, అంతే. పెడళ్ళ ఇరుసు తిరిగే బీబీలో పరిస్థితి ఇంకాస్త నయం. ఫోర్కు కప్పుల్లో పైన గ్రీజు ఉంది, కింద లేదు. వర్షం నీళ్ళు చేరేది కిందకే. రిఫ్లెక్టర్లు కవరులో కట్టినవి కట్టినట్టే బ్యాగులో ఉన్నాయి. అమ్మే సైకిలుకి రిఫ్లెక్టర్లు ఉండాలని కేంద్రం నియమం పెట్టింది కాబట్టి పెట్టెలో వేస్తారు. వాటిని బిగించుకోవడం మాత్రం కొన్నవాడి దయ. పోర్టు లారీలు తిరిగే రోడ్డు మీద రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాడికి ఈ సైకిల్లో డిస్కు కంటే ఆ ఎర్ర ముక్క ముఖ్యం.

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది వెనక చక్రం. స్పోకుల్ని రెండేసి చొప్పున వేళ్ళతో నొక్కి చూస్తే కుడివైపువి ఒక మాదిరిగా ఉన్నాయి, ఎడంవైపువి సాగిన నులకలా ఉన్నాయి. గేరు చక్రంలో ఈ తేడా కొంత ఉండాల్సిందే. కుడివైపు పళ్ళ చక్రాల దొంతరకి చోటు ఇవ్వడానికి రిమ్ముని ఆ పక్కకి లాగి కడతారు, కుడి స్పోకులు టైటుగా, ఎడమవి లూజుగా ఉంటాయి. కానీ మిషను మీద అల్లిన చక్రాన్ని మళ్ళీ చేత్తో బిగించే ఖర్చు ఈ ధరలో పెట్టరు. చక్రం తిరిగే ప్రతిసారీ కిందకి వచ్చిన స్పోకు కాస్త వదులై, పైకి పోగానే మళ్ళీ బిగుస్తుంది. ముందే బిగువు తక్కువుంటే ఆ వంగడం లేవడం ఎక్కువై, హబ్బు (చక్రం మధ్య గుండు) దగ్గర మెడ వంపులో స్పోకు అలిసిపోయి తెగుతుంది. ఇరవై కిలోమీటర్లంటే ఈ చక్రం దాదాపు పది వేల సార్లు తిరుగుతుంది. అది ఒక్క రోజు లెక్క.

మొత్తం ఓవరాయిలింగ్ చేశాం. హబ్బులు కడిగి కొత్త బాల్సు, గ్రీజు, కోన్లు మళ్ళీ సెట్టింగు, ఎడం క్రాంకు కొత్తది, చక్రాలు రెండిటికీ అవుట్ (వంకర) తీసి బిగువు పెంచడం, ఫోర్కు తిప్పడం, వైర్లకి ఆయిలు. అంతా కలిపి 850 రూపాయలు. కొత్త సైకిలుకి 850 ఏంటని వాళ్ళ నాన్నగారు ఫోన్లో అడిగారు. ఆయన అడగడం న్యాయమే. కానీ ఆ పని ఫ్యాక్టరీలో జరిగి ఉంటే సైకిలు 7,500కి వచ్చేది కాదు.

ఆ తర్వాత

కొన్నాళ్ళు సుఖంగానే నడిచింది. ఫోర్కు తిరిగాక హేండిలు తేలికైపోయిందని కుర్రాడు సంబరపడ్డాడు. ఆ తర్వాత వెనక కుడివైపు స్పోకులు తెగడం మొదలైంది. ఒకటి తెగితే రిమ్ము ఒరిగి బ్రేకు రబ్బరుకి రాసుకుంటుంది. రాసుకుంటున్నా పోనిచ్చే రకం ఇతను, డ్యూటీ అలాంటిది. ఒక స్పోకు తెగినా దాని బరువు పక్కవాటి మీద పడుతుంది కాబట్టి అవీ త్వరగా పోతాయి. కుడివైపు స్పోకు వెయ్యాలంటే ఫ్రీవీలు (హబ్బు మీది పళ్ళ చక్రాల దొంతర) విప్పాలి. నల్ల సైకిలుకైతే చాలాసార్లు ఆ అవసరం కూడా ఉండదు, వంచి దూర్చేస్తాం. రెండు దఫాలు కలిపి 350.

వానాకాలం మధ్యలో వెనక యాక్సిలు వంగింది. ఇది ఈ రకం సైకిళ్ళకి రాసిపెట్టి ఉన్న రోగం. ఎందుకు వంగుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి, అసలు కోత పడింది ఇక్కడే కాబట్టి.

సింగిల్ (గేర్లు లేని) సైకిల్లో వెనక హబ్బుకి ఒకే పళ్ళ చక్రం. బేరింగు ఫ్రేముకి దగ్గరగా ఉంటుంది, యాక్సిలు ఆసరా లేకుండా బయటకి వచ్చే ముక్క చిన్నది. గేరు సైకిల్లో హబ్బుకి మర మీద ఏడు పళ్ళ చక్రాల ఫ్రీవీలు ఎక్కిస్తారు. దానికి చోటు కావాలి కాబట్టి కుడి బేరింగు లోపలికి పోతుంది. అక్కడి నుంచి ఫ్రేము దాకా మూడు నాలుగు సెంటీమీటర్లు యాక్సిలుకి కింద ఏ ఆసరా లేదు. 80 కిలోల మనిషి గోతిలో దిగినప్పుడల్లా దెబ్బంతా ఆ ముక్క మీదే. ఖరీదైన గేరు సైకిళ్ళలో ఫ్రీవీలు బదులు క్యాసెట్టు పద్ధతి పెట్టింది చాలావరకు ఇందుకే. అందులో కుడి బేరింగుని ఫ్రేము దాకా బయటకి తెచ్చారు. మర ఫ్రీవీలు పద్ధతి చవక, అందుకే ఈ ధరలో అదే ఉంటుంది. దానికి మళ్ళీ మెత్తటి ఇనుప యాక్సిలు వేస్తే ఇక చెప్పేదేముంది. యాక్సిలు వంగినా చక్రం తిరుగుతూనే ఉంటుంది, కోన్లూ బాల్సూ మాత్రం ఒక పక్కే అరిగిపోతాయి. యాక్సిలు, కోన్లు మార్చాం. 400.

డిస్కు సంగతి చూద్దాం. ఈ ధరలో వచ్చే వైరు డిస్కు బ్రేకులో కదిలేది ఒక పక్క ప్యాడే. అది డిస్కుని తోసి, అవతల కదలని ప్యాడుకి ఆనిస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ కదలని ప్యాడుని వెనక నుంచి అలెన్ కీతో దగ్గరకి తిప్పుతూ ఉండాలి. ఆ సంగతి కొన్నవాళ్ళకి ఎవరూ చెప్పరు. ఇక్కడ ఇంకొకటి కలిసింది. సముద్రం పక్క రోడ్డు, ఉప్పుగాలి. సర్దే మరకి తుప్పు పట్టి కదల్లేదు. పెనెట్రేటింగ్ ఆయిలు కొట్టి రాత్రంతా ఉంచితే గానీ తిరగలేదు. అప్పటిదాకా బ్రేకు పిడి హేండిలుకి తగిలేదాకా నొక్కితే గానీ బండి ఆగేది కాదట. వెనక వీ-బ్రేకుకి మాత్రం ఏడాదిలో రబ్బర్లు తప్ప ఏమీ చెయ్యలేదు. రెండూ ఒకే సైకిలు మీద, అదే గాలిలో, అదే వానలో తిరిగినవి. అమ్మేటప్పుడు ఫొటోలో పెద్దగా చూపించింది డిస్కుని.

షాకర్ల గురించి ఎక్కువ రాయను. లోపల ఉన్నది స్ప్రింగే, దాని ఊపుని ఆపే ఏర్పాటు లేదు. నిలబడి తొక్కితే మన బలం రోడ్డుకి పోకుండా స్ప్రింగు నొక్కడానికి పోతుంది. రెండు కిలోల పైన బరువు. పైన పటారం, లోన లొటారం.

గేరు స్పోకుల్లో పడిన రోజు

గోడౌన్ దగ్గర సైకిళ్ళ వరసలో ఎవరిదో తగిలి మన సైకిలు కుడిపక్కకి పడింది. గేరు మార్చే యంత్రం, మా భాషలో వెనక గేరు, ఫ్రేముకి వేలాడేది ఆ పక్కనే. ఈ రకం సైకిళ్ళకి దాన్ని యాక్సిలు నట్టు కింద ఒక రేకు పట్టీతో బిగిస్తారు. పట్టీ లోపలికి వంగింది. లేపి చూసుకుంటే పైకి ఏమీ కనపడలేదు. మర్నాడు వంతెన ఎక్కుతూ తేలిక గేరులోకి వేశాడు. లోపలి పెద్ద పళ్ళ చక్రం దాకా వచ్చిన గేరు అక్కడితో ఆగకుండా స్పోకుల్లోకి పోయింది. చక్రం బిగుసుకుపోయింది. ఎక్కుడులో మెల్లగా పోతున్నాడు కాబట్టి పడలేదు. అదే ఫ్లైఓవరు దిగేటప్పుడో, వెనక లారీ ఉన్నప్పుడో అయితే ఏం జరిగేదో రాయక్కర్లేదు.

గేరు మరీ లోపలికీ, మరీ బయటికీ పోకుండా ఆపడానికి దాని మీద రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. కొత్తగా కొన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక పని చెయ్యండి. చక్రం పైకెత్తి, చేత్తో తొక్కుతూ అన్నిటికంటే పెద్ద పళ్ళ చక్రం మీదకి చైను వెయ్యండి. వెనక నిలబడి గేరుకీ స్పోకులకీ మధ్య సందు చూడండి. సందు లేదనిపిస్తే ఆ గేరు వాడకండి, మేస్త్రీకి చూపించండి. పడిన సైకిలుకి ఈ పరీక్ష ప్రతిసారీ చెయ్యాల్సిందే.

కొత్త గేరు, పట్టీ, స్పోకులు కలిపి 700.

అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడాను. ఏడాదిలో ఏయే గేర్లు వాడావురా అని అడిగితే మూడో నాలుగో చెప్పాడు. కాకినాడ బల్లపరుపు ఊరు. ఎక్కుడంటే వంతెనలూ ఫ్లైఓవరూ తప్ప లేవు. విశాఖలోనో, ఏజెన్సీలోనో గేర్లకి అర్థం ఉంది. మన ఊళ్ళో సైకిలుకి అసలు శత్రువు సముద్రం మీంచి కొట్టే ఎదురుగాలి. దానికి 21 అక్కర్లేదు.

"అమ్మేద్దామా బాబాయ్?"

"ఎవడు కొంటాడు? రెండు వేలు కూడా రావు. గేర్లు పీకేద్దాం."

వాడి మొహం చిన్నబోయింది. గేరు సైకిలని స్నేహితుల్లో పేరు ఉంది మరి. రెండ్రోజులు ఆలోచించుకుని వచ్చి సరేనన్నాడు.

సింగిల్ చెయ్యడం

ఈ పని అన్ని సైకిళ్ళకీ కుదరదు. గేరు రేకు పట్టీతో బిగించిన చవక ఫ్రేముల్లో ఒక మేలుంది: యాక్సిలు కూర్చునే గంటు అడ్డంగా ఉంటుంది, చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించుకోవచ్చు. గంటు నిలువుగా ఉన్న ఫ్రేముల్లో చైను బిగించే దారి ఉండదు. ఇంకో మేలు, ఏడు చక్రాల ఫ్రీవీలు ఎక్కే మరా, నల్ల సైకిలు సింగిల్ ఫ్రీవీలు ఎక్కే మరా ఒకటే. బజార్లో వంద, రెండొందలకి దొరికే 16 పళ్ళ ఫ్రీవీలు తిన్నగా ఎక్కేసింది.

అసలు పని యాక్సిలు మీద ఉంది. కుడివైపున్న వాషర్లు, స్పేసర్లు తీసి ఎడంవైపుకి మార్చాం. దాంతో హబ్బు కుడికి జరిగింది, ఆసరా లేని ముక్క సగానికి పైగా తగ్గింది. ఇప్పుడు రిమ్ము మధ్యకి రావాలంటే స్పోకుల లెక్క మారాలి కాబట్టి పాతవన్నీ తీసి కొత్త సెట్టు అల్లాం. కుడి ఎడమల బిగువు దాదాపు సమానమైంది. వెనక వీ-బ్రేకు కాబట్టే ఇది సాధ్యపడింది. వెనక కూడా డిస్కు ఉంటే హబ్బుతో పాటు డిస్కు జరిగిపోయి క్యాలిపరుకి అందేది కాదు.

ముందు మూడు పళ్ళ చక్రాల్లో మధ్యది, 34 పళ్ళది వాడాం, చైను దానికే తిన్నగా వచ్చింది. చైను మాత్రం సింగిల్ సైకిళ్ళ వెడల్పు చైను కొత్తది వెయ్యాలి. గేరు చైను సన్నం, సింగిల్ ఫ్రీవీలు పళ్ళ మీద కూర్చోదు. ముందు 34, వెనక 16 అంటే ఒకసారి తొక్కితే నాలుగు మీటర్ల నలభై సెంటీమీటర్లు పోతుంది. నిమిషానికి 70 సార్లు తొక్కితే గంటకి 18 కిలోమీటర్లు. జోరుగా పోయేవాళ్ళకి కాస్త తేలిక అనిపిస్తుంది, ఎదురుగాలికి మాత్రం అదే మేలు. ఫ్రీవీలు, చైను, యాక్సిలు సెట్టు, స్పోకులు, బ్రేకు రబ్బర్లు, వైర్లు, లేబరుతో కలిపి 1,400.

మొదటి ఓవరాయిలింగ్ నుంచి ఇప్పటిదాకా కలిపితే 3,700. సైకిలు ధరతో 11,200. డ్యూటీ పోగొట్టుకున్న పూటలు ఇందులో వెయ్యలేదు. ఆ డబ్బు మొదటే చేతిలో ఉంటే గట్టి సింగిల్ సైకిలు కొని, మంచి తాళం, లైటు, గాలి పంపు కొన్నా మిగిలేది. ఒకేసారి చేతిలో ఉండదు కాబట్టే ఏడున్నర వేలది కొన్నాడు. ఆ ముక్క మర్చిపోయి కొన్నవాణ్ణి వెక్కిరించడం నాకు నచ్చదు.

అదే సైట్లో కొన్న ఇంకో చవక సైకిలు

ఇది కూడా చెప్పకపోతే చవకదంటే చెత్తే అనుకుంటారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఒక ఆస్పత్రిలో ఆయాగా చేసే ఆవిడ లేడీస్ సైకిలు తెచ్చుకున్నారు. ఇంకా చవక, 5,500. సింగిల్ ఫ్రీవీలు, మామూలు ఫోర్కు, రిమ్ముని పట్టే రెండు కాలిపర్ బ్రేకులు, ముందు బుట్ట, చైను కవరు. ఆవిడ పెట్టె కూడా విప్పకుండా ఆటోలో వేసుకుని తిన్నగా కొట్టుకి వచ్చారు. "మీరే బిగించండి తమ్ముడూ, నాకవన్నీ తెలీవు" అన్నారు. లోపల అదే కథ, గ్రీజు లేదు, స్పోకులు లూజు. ఒక్క పూటలో అన్నీ సర్ది 500 తీసుకున్నాను. ఆ తర్వాత పంక్చర్లు, బ్రేకు రబ్బర్లు తప్ప ఆ సైకిలు నా కొట్టు మెట్టెక్కలేదు.

బరువు తేడా, దూరం తేడా ఉన్న మాట నిజమే. ఆవిడ రోజుకి అయిదారు కిలోమీటర్లే తొక్కుతారు. అయినా ఆ 5,500లో తయారీదారు డబ్బు పెట్టాల్సిన వస్తువులు తక్కువ. ఉన్నవాటికి వాడింది నాసిరకమే అయినా, చెడిపోయే చోట్లే తక్కువ. ఆ సైకిలుకి ఒక లోపం ఉంది: మెరిసే ఇనుప రిమ్ములు. తడిస్తే వాటి మీద రబ్బరు జారిపోతుంది, బ్రేకు సగం కూడా పట్టదు. వాన పడుతుంటే రెండు మూడుసార్లు ముందుగా మెత్తగా నొక్కి రిమ్ము తుడుచుకోనిచ్చి, అప్పుడు గట్టిగా పట్టమని చెప్పాను. అల్యూమినియం రిమ్ము ఉన్న మోడలు నాలుగైదు వందలు ఎక్కువైనా అదే తీసుకోవడం మంచిది.

మా నల్ల సైకిళ్ళ సంగతి

నల్ల సైకిలు బరువే, ఇరవై కిలోలుంటుంది. కానీ దాని వెనక చక్రానికి 40 స్పోకులు, ముందు 32. బరువు ఎక్కడ పడుతుందో లెక్క చూసి పెట్టినవి. చెన్నైలో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లుధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. ఏ కంపెనీదైనా కోను, యాక్సిలు, ఫ్రీవీలు ఒకదానివి ఇంకోదానికి చాలావరకు పట్టేస్తాయి. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడు, మూతపడింది. ఆ కంపెనీ సైకిళ్ళు ఇవాళ్టికీ మా కొట్టుకి వస్తాయి, సామాను లేక తిప్పి పంపిన సందర్భం లేదు. పెట్టెలో వచ్చే గేరు సైకిలుకి ఆ వీలు లేదు. ఈ ఏడాది బ్యాచీకి ఒక రకం గేరు పిడి, వచ్చే ఏడాదికి ఇంకోటి. పాతది విరిగితే సరిపోయేది వెతుక్కోవాలి.

కాబట్టి అదే ఆరేడు వేల బడ్జెట్టులో నన్ను అడిగితే చెప్పేది: గేర్లు వద్దు, షాకర్లు వద్దు, డిస్కు వద్దు. ఆ మూడూ తప్పకుండా కావాలంటే బడ్జెట్టు రెట్టింపు చేసుకోండి, లేదా తెలిసినవాళ్ళ దగ్గర పాత మంచి సైకిలు చూడండి. పాతది కొనేటప్పుడు ఫ్రేము అతుకుల దగ్గర పగులు, ఫోర్కు వంపు, క్రాంకు ఊగడం, ఈ మూడూ చూస్తే చాలు, మిగతావి మార్చుకోవచ్చు. రోజూ ఎత్తులు ఎక్కేవాళ్ళకి మాత్రం నా మాట వర్తించదు, వాళ్ళకి గేర్లు కావాలి. పిల్లల సైకిళ్ళకి చవకదే నయం. రెండేళ్ళలో పొడుగైపోతారు. కాకపోతే బ్రేకు పిడి పిల్లాడి వేళ్ళకి అందుతోందో లేదో కొట్లోనే నొక్కించి చూడండి. చాలావాటికి అందదు.

టాక్సు తగ్గింది కదా, ఇప్పుడు అదే డబ్బుకి మంచిది రాదా అని ఈ మధ్య అడుగుతున్నారు. సైకిళ్ళ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 12 శాతం కలిపి 7,500 ఉన్న సైకిలు మీద పూర్తిగా తగ్గిస్తే దాదాపు 470 రూపాయలు మిగులుతుంది. ఆ మిగులుతో వెనక యాక్సిలు బాగుపడదు. మంచి మేస్త్రీ చేత మొదటి ఫిట్టింగు చేయించుకోవడానికి మాత్రం దాదాపు సరిపోతుంది. ఎక్కడ కొన్నా, ఎంతకి కొన్నా, పెట్టె సైకిలుకి ఆ డబ్బు ధరలో కలుపుకునే లెక్క వేసుకోండి. బిగించేటప్పుడు దగ్గరుండి రెండు అడగండి: హబ్బు విప్పి గ్రీజు పెట్టారా, స్పోకులు నొక్కి చూశారా. విప్పకుండానే పెట్టామనే మేస్త్రీలూ ఉన్నారు.

కుర్రాడి సైకిలు ఇప్పటికీ వాకలపూడి రోడ్డు మీదే తిరుగుతోంది. సింగిల్ చేశాక వెనక స్పోకు ఒక్కటి కూడా తెగలేదు. ముందు షాకరు ఎడం కాలిలో ఆట వచ్చింది, బ్రేకు పట్టినప్పుడు కొట్టుకుంటోంది. దాని బదులు మామూలు ఇనుప ఫోర్కు, దానికి వీ-బ్రేకు వేద్దామని లుధియానా సామాను తెచ్చే డీలరుకి చెప్పి ఉంచాను. సరుకు రాగానే డిస్కు కూడా పీకేస్తాం.